చందమామలో కనిపించని సంతకాలు



ఈ ప్రత్యేక సంచికకు మన చిన్ననాటి కాలక్షేపాల గురించి ఏదైనా రాయమని సంఘ కార్యదర్శిగారు కోరారు. పంచాయతీ రేడియో గురించీ, సినిమా పాటల పుస్తకాల గురించీ రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. నేను ‘చందమామ’ గురించి నాలుగు ముక్కలు మనవి చేస్తాను. అది ఎంత బాగుండేదో చెప్పటానికి కాదు. ఆ సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. పోయిన వేసవి సెలవుల్లో మా మనవరాలికి ఒక పాత సంచిక చదివి వినిపిస్తుంటే, “తాతయ్యా, ఈ కథ ఎవరు రాశారు? పేరు లేదే!” అని అడిగింది. అరవై ఏళ్లకు పైగా ఆ కథలు తలచుకుంటూ వచ్చిన నాకు చిన్నతనంలో ఆ ప్రశ్న ఒక్కసారీ తోచలేదు. అందుకని ఈ వ్యాసం.

ముందుగా కొంచెం చరిత్ర. ‘చందమామ’ మొదటి సంచిక 1947 జూలైలో, అంటే స్వాతంత్ర్యానికి సరిగ్గా నెల ముందు, మద్రాసు నుంచి వెలువడింది. స్థాపకులు బి. నాగిరెడ్డిగారు, చక్రపాణిగారు. ‘పాతాళభైరవి’ (1951), ‘మాయాబజార్’ (1957) చిత్రాలు నిర్మించిన విజయా వారు కూడా వీరే. తెలుగుతో పాటే తమిళంలో ‘అంబులిమామ’గా వచ్చింది. 1949లో హిందీలోనూ, 1952లో ‘చాందోబా’ అనే పేరుతో మరాఠీలోనూ మొదలైంది. తెలుగువాళ్లు పెట్టిన ఒక పిల్లల పత్రిక ఆ విధంగా దేశమంతా తిరిగింది.

నాకు చదవటం వచ్చేనాటికి మా ఊళ్లో చందమామ తెప్పించుకునే ఇల్లు ఒక్కటే, కరణంగారిది. వారి పిల్లలు చదివాక పక్కింటికి, అక్కడినుంచి మాస్టారింటికి వెళ్లి, నెల తిరిగాక మా ఇంటికి వచ్చేది. అప్పటికి అట్ట ఊడిపోయేది, మధ్యలో రెండు మూడు కాగితాలు ఉండేవి కావు. బేతాళుడు ప్రశ్న అడిగిన పుట ఉండి, విక్రమార్కుడి జవాబున్న పుట లేకపోతే మా అన్నదమ్ములం అరుగుమీద కూర్చుని మేమే జవాబు తేల్చేవాళ్లం. వాదన ముదిరితే మా నాన్నగారు తీర్పు చెప్పేవారు. చిరిగిన పుస్తకం వల్ల మాకు కలిగిన లాభమది.

సంస్కృతంలో ఉన్న బేతాళ కథలు ఇరవై అయిదే. ‘చందమామ’లో వచ్చినవి వందల కొద్దీ. ఆ ఇరవై అయిదూ అయిపోయాక, నెల నెలా కొత్త చిక్కుముడి వేసి దాన్ని విప్పటానికి మద్రాసులో ఎవరో కూర్చుని బుర్ర పగలగొట్టుకోవాలి కదా! మరి వారెవరు?

బొమ్మలు వేసినవారు మాత్రం మనకు తెలుసు. బొమ్మ మూల ‘చిత్ర’, ‘శంకర్’, ‘వపా’ అని సంతకాలుండేవి. వపా అంటే వడ్డాది పాపయ్యగారని పెద్దయ్యాక తెలిసింది. కత్తి చేతబట్టి, శవాన్ని భుజాన వేసుకుని నడిచే విక్రమార్కుడి బొమ్మ శంకర్‌గారిది. ఆయన 2020లో 96వ ఏట కన్నుమూశారు. ఆ మరుసటి ఏడు పద్మశ్రీ ప్రకటించారు.

చదివే పిల్లల పేర్లు కూడా అచ్చయ్యేవి. ఫోటో వ్యాఖ్యల పోటీ గుర్తుంది కదా? రెండు ఫోటోలకు పొందికైన వ్యాఖ్యలు కార్డు మీద రాసి పంపాలి. గెలిచినవారి పేరూ ఊరూ వేసేవారు. నేనూ ఇంట్లో తెలియకుండా 5 నయాపైసలు పెట్టి కార్డు కొని పంపాను. బహుమతి రాలేదు. మూడు నెలలు ఎదురు చూశాను. అచ్చులో పేరు చూసుకోవాలని అంత ఆశపడ్డ నేను, నన్ను రాత్రుళ్లు నిద్రపోనివ్వని కథలకు పేరెందుకు లేదో ఆలోచించలేదు. బయటివారు పంపిన కొన్ని కథలకు పేర్లుండేవి. కార్యాలయంలో కూర్చుని రాసినవారికే ఉండేవి కావు.

ఆ పేర్లు నాకు మరణవార్తల ద్వారా తెలిశాయి. 1980 ఆగస్టులో కొడవటిగంటి కుటుంబరావుగారు పోయినప్పుడు, 1952 నుంచి చందమామను నడిపించింది ఆయనేనని తెలిసింది. అప్పటికే నేను ఆయన ‘చదువు’ నవల చదివి ఉన్నాను. నా చిన్నప్పటి కథల వెనక ఉన్న చేయి కూడా అదేనని తెలియదు. ‘తోకచుక్క’, ‘జ్వాలాద్వీపం’, ‘రాకాసిలోయ’ వంటి సీరియల్ రాసినవారు దాసరి సుబ్రహ్మణ్యంగారని ఆయన 2010లో పోయాకనే నాకు తెలిసింది. అయిదు దశాబ్దాలకు పైగా అదే పత్రికలో పని చేశారు. ఇప్పుడా సీరియళ్లు ఆయన పేరుతోనే పుస్తకాలుగా వచ్చాయి. ఆలస్యమైనా సంతోషం.

పేరు లేకపోవటమే మేలని కొందరు మిత్రులంటారు. అమ్మమ్మ చెప్పే కథకు పేరుంటుందా అని వారి ప్రశ్న. పత్రిక అంతా ఒకే గొంతులా, ఒకే తేట తెలుగులా వినిపించటానికి అదీ ఒక కారణమే, కాదనను. కాని అమ్మమ్మ ఎదురుగా ఉంటుంది గనుక పేరు అక్కరలేదు. మద్రాసులో కూర్చున్న మనిషి మనకు కనిపించడు.

గుమస్తాగా పనిచేసినవాణ్ణి కనుక ఇది నాకు తగిలింది. ముసాయిదా మనది, సంతకం పైవారిది. ఒక ఊరి మంచినీటి బావి మంజూరుకు ఏడాదిపాటు ఫైలు నడిపాను. ప్రారంభోత్సవపు పలక మీద చాలా పేర్లు చెక్కారు, అది రివాజు. కాని కార్యాలయపు ప్రతి మీద మూలగా నా పొట్టి సంతకం ఉంది. ఎవరైనా వెతికితే దొరుకుతుంది. ఆ కథలు రాసినవారికి తమ అచ్చుపుటల మీద ఆ పాటి గుర్తు కూడా లేకపోయింది.

‘చందమామ’ 1998లో ఆగి, 1999లో తిరిగి మొదలై, 2007లో చేతులు మారి, చివరకు 2010 దశకంలో నిలిచిపోయింది. పాత సంచికలు ఇప్పుడు కంప్యూటర్లలో దొరుకుతున్నాయి. మనలో చాలామంది వాటిని మనవలకు చూపిస్తూ మురిసిపోతున్నాం. నా విన్నపం ఒక్కటే. కథ చదివి వినిపించేటప్పుడు రాసినవారి పేరు తెలిస్తే అదీ చెప్పండి. తెలియకపోతే, ఎవరో ఒక మనిషి కూర్చుని రాశాడనైనా చెప్పండి.

మా మనవరాలు ఆ పాత సంచికను అచ్చు తీయించుకుంది. సీరియల్ మొదలయ్యే పుట పైన ‘రచన: దాసరి సుబ్రహ్మణ్యం’ అని పెన్సిలుతో నేను రాసి ఇచ్చాను.