ప్రయోగశాల జట్టు సాఫ్ట్‌వేర్ – చరిత్ర

విశ్వవిద్యాలయాల సాంకేతిక ప్రయోగశాలల్లో ఆచార్యులు, పరిశోధక విద్యార్థులు, ప్రోగ్రామర్లు ఒకే పనిని కలిసి చేసుకోవడానికి వాడే సాఫ్ట్‌వేర్. ఉత్తరాలు అందించే మెయిల్, రాతకు వాడే ఎడిటర్, ప్రోగ్రాము పాత ప్రతులను భద్రపరిచే వ్యవస్థ, ఎవరు ఎక్కడ ఉన్నారో చెప్పే చిన్న ఉపకరణం అన్నీ దీని కిందికి వస్తాయి. వీటిలో చాలావాటిని మొదట ఎవరూ అమ్మకానికి తయారు చేయలేదు. ప్రయోగశాలల్లో పనిచేసేవాళ్లే తమ అవసరం కొద్దీ రాసుకున్నారు. కంప్యూటర్లు రాకముందు శతాబ్దాల తరబడి ఈ పనంతా నోటు పుస్తకాలు, నల్లబల్లలు, ఉత్తరాలతోనే నడిచింది.

1950లలో కంప్యూటరు వచ్చినా అది ఒకరి తర్వాత ఒకరు వాడుకునే యంత్రమే. కార్డుల కట్ట అప్పజెప్పి, ఫలితం కోసం గంటల తరబడి ఎదురుచూడాల్సి వచ్చేది. ఈ పరిస్థితిని మార్చింది అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ (ఎం.ఐ.టి.). ఒకే యంత్రానికి పలు టెర్మినళ్లు తగిలించి, దాని సమయాన్ని అందరికీ తృటి తృటి చొప్పున పంచే సి.టి.ఎస్.ఎస్. వ్యవస్థను ఫెర్నాండో కోర్బాటో బృందం 1961 నవంబరులో ప్రదర్శించింది. 1963లో రాబర్ట్ ఫానో నాయకత్వంలో ‘ప్రాజెక్ట్ మ్యాక్’ మొదలయ్యాక దీని వాడకం బాగా పెరిగింది. అందరి ఫైళ్లూ ఒకే యంత్రంలో ఉండడంతో ఒకరు రాసినదాన్ని మరొకరు చదవడం, సవరించడం కుదిరింది.

మొదట్లో కబురు పంపడానికి వేరే సాధనం లేదు. ఉదాహరణకు టామ్ అనే అతనికి ఏదైనా చెప్పాలంటే ‘టు టామ్’ అని ఒక ఫైలుకు పేరు పెట్టి ఉమ్మడి డైరెక్టరీలో వదిలేవారు. అతను వచ్చినప్పుడు చూసుకునేవాడు. ఆ అవస్థ తీర్చడానికి టామ్ వాన్ వ్లెక్, నోయెల్ మోరిస్ 1965లో ‘మెయిల్’ ఆదేశాన్ని రాశారు. పంపిన కబురు అవతలివారి డైరెక్టరీలో ‘మెయిల్ బాక్స్’ అనే ఫైలు చివర చేరేది. అంతకు ఏడాది ముందే జెరోమ్ సాల్ట్‌జర్ తన పరిశోధన ప్రతిపాదనను పొందికగా అచ్చు వేసుకోవడానికి ‘రనాఫ్’ రాశారు. తర్వాతి పత్ర రచనా సాఫ్ట్‌వేర్‌లలో చాలావాటికి అదే మూలం.

కలిసి పనిచేయడంలో ఉన్న చిక్కులూ ఇక్కడే మొదట బయటపడ్డాయి. ఒక డైరెక్టరీని ఒకసారి ఒక్కరే వాడతారనుకుని, సి.టి.ఎస్.ఎస్. ఎడిటర్ తన తాత్కాలిక ఫైలుకు ఎప్పుడూ ఒకే పేరు పెట్టేది. 1960ల మధ్యలో ఒకరోజు నిర్వాహకుల్లో ఒకరు ఆనాటి ప్రకటనను, మరొకరు పాస్‌వర్డుల ఫైలును ఒకే సమయంలో సవరించారు. రెండూ తారుమారయ్యాయి. లాగిన్ అయిన ప్రతివారి టెర్మినల్ మీదా ప్రకటనకు బదులు అందరి పాస్‌వర్డులూ అచ్చయ్యాయి. కోర్బాటో తన ట్యూరింగ్ పురస్కార ఉపన్యాసంలో ఈ ఉదంతాన్ని దాచకుండా చెప్పారు.

అదే విద్యాసంస్థలోని కృత్రిమ మేధ ప్రయోగశాల మరో దారి పట్టింది. 1960ల చివర అక్కడ తయారైన ఐ.టి.ఎస్. వ్యవస్థకు మొదట్లో పాస్‌వర్డే లేదు. ఎవరి ఫైలునైనా ఎవరైనా తెరవవచ్చు. పక్కవారి తెరపై ఏం నడుస్తోందో తన టెర్మినల్ నుంచే చూడవచ్చు. యంత్రాన్ని పడగొట్టడమే ఘనకార్యమనుకునేవారి సరదా తీరిపోయేలా, యంత్రాన్ని ఆపే ఆదేశాన్ని కూడా అందరికీ ఇచ్చేశారు. ఇంతటి నమ్మకం మీద నడిచిన వ్యవస్థలు అరుదు.

ఈ వాతావరణంలోనే ‘ఈమాక్స్’ పుట్టింది. ప్రయోగశాలలో వాడే టెకో ఎడిటర్‌కు ఎవరికి వారు సొంత మాక్రోలు రాసుకున్నారు. దాంతో ఒకరి టెర్మినల్ దగ్గర మరొకరు కూర్చుంటే ఏ మీట నొక్కితే ఏమవుతుందో తెలిసేది కాదు. గై స్టీల్ వీటన్నిటినీ కలిపి ఒక పద్ధతికి తెచ్చే పని మొదలుపెట్టారు. రిచర్డ్ స్టాల్‌మన్ దాన్ని చేపట్టి 1976లో పూర్తిచేశారు. ఉచితంగానే ఇచ్చారు కానీ ఒక షరతు పెట్టారు: ఎవరు ఏ మెరుగుదల చేసినా తిరిగి తనకు పంపాలి. ప్రయోగశాల ప్రోగ్రామర్లు చాలామంది కంపెనీలకు తరలిపోయి ఆ ఉమ్మడి జీవితం చెదిరిపోయాక, 1983 సెప్టెంబరులో ఆయన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ తయారీకి గ్నూ ప్రాజెక్టును ప్రకటించారు.

స్టాన్‌ఫర్డ్‌లో జట్టు సభ్యుల జాడ తెలుసుకోవడానికి లెస్ ఎర్నెస్ట్ 1970ల ఆరంభంలో ‘ఫింగర్’ రాశారు. అంతకుముందు లాగిన్ జాబితాను తెరిచి, పేర్ల మీద వేలు జరుపుకుంటూ మనుషుల్ని వెతకడం చూసి ఆ పేరు పెట్టారు. సెలవులో ఉన్నవారు ఎప్పుడు తిరిగొస్తారో తమ ‘ప్లాన్’ ఫైలులో రాసి ఉంచేవారు. కార్నెగీ మెలన్‌లో 1982 సెప్టెంబరు 19న ఉమ్మడి ఎలక్ట్రానిక్ ప్రకటన ఫలకంపై స్కాట్ ఫాల్మన్ నవ్వు గుర్తును ప్రతిపాదించారు. సరదాకు రాసిన మాటను కొందరు నిజమని నమ్మడమే దానికి కారణం. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన దబ్బల రాజగోపాల్ (రాజ్) రెడ్డి 1969 నుంచి అక్కడే పనిచేశారు. ఆయన భాగస్వామ్యంతో తయారైన హియర్‌సే-2 అనే మాట గుర్తింపు వ్యవస్థలో మనుషులే కాదు, ప్రోగ్రాములు కూడా జట్టుగా పనిచేశాయి: ఒక్కొక్కటీ తన ఊహను ఉమ్మడి ‘నల్లబల్ల’ మీద రాస్తే, మిగతావి చూసి సరిదిద్దేవి.

పాత ప్రతులను భద్రపరిచే పద్ధతికి పర్డ్యూ విశ్వవిద్యాలయంలో వాల్టర్ టిచీ రాసిన ఆర్.సి.ఎస్. (1982) పేరుపొందింది. అయితే అందులో ఒకరు ఫైలును సవరణకు తీసుకుంటే మిగతావారు ఆగాల్సిందే. ఆమ్‌స్టర్‌డామ్‌లో అధ్యాపకుడు డిక్ గ్రూన్, ఇద్దరు విద్యార్థులు 1984 జులై నుంచి ఒక సి కంపైలర్ మీద కలిసి పనిచేశారు. ఒక విద్యార్థి ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం అయిదు వరకు కచ్చితంగా కూర్చునేవాడు. రెండో అతనికి వేళాపాళా లేదు. గ్రూన్‌కు సాయంత్రాలే తీరిక. ఒకరి కోసం ఒకరు ఆగకుండా ఎవరి ప్రతి మీద వారు పనిచేసి, చివర్లో కలుపుకునేలా ఆయన సి.వి.ఎస్. రాసి 1986లో అందరికీ విడుదల చేశారు. ముగ్గురి వేళలు కలవకపోవడం నుంచి పుట్టిన ఈ చక్కని పరిష్కారమే తర్వాత ప్రపంచమంతటా ప్రోగ్రామర్ల అలవాటయింది.

1983లో ఎం.ఐ.టి.లో మొదలైన ప్రాజెక్ట్ అథీనా ద్వారా కెర్బరోస్ భద్రతా వ్యవస్థ, జెఫిర్ తక్షణ సందేశాలు వచ్చాయి. 2001లో కొలరాడోలో పరిశోధక విద్యార్థిగా ఉన్న ఫెర్నాండో పెరెజ్ మొదలుపెట్టిన ఐపైథాన్ అనే ప్రోగ్రామింగ్ సాధనం 2014లో జూపిటర్‌గా విస్తరించింది. 2005లో పాత ప్రతులను భద్రపరిచే గిట్, 2008లో ప్రోగ్రాములు పంచుకునే గిట్‌హబ్, 2013లో జట్టు సందేశాల స్లాక్ వచ్చి నేటి ప్రయోగశాలల నిత్యసామగ్రిగా స్థిరపడ్డాయి.

ఎం.ఐ.టి.లో ఐ.టి.ఎస్. నడిచిన చివరి యంత్రాలను 1990లో ఆపేశారు. ఆ వ్యవస్థ మీద పుట్టిన ఈమాక్స్‌ను స్టాల్‌మన్ 1980ల మధ్యలో గ్నూ కోసం తిరిగి రాశారు. దానికి కొత్త విడుదలలు ఇప్పటికీ వస్తున్నాయి.