బాగామ్‌లో కట్టడాలు, కంచెలు

మా నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ మాట వస్తే పాత హైదరాబాదీలు చేసే ఫిర్యాదు ఒక్కటే: తోటను భవనాలు మింగేశాయి. 1846లో బాగ్-ఎ-ఆమ్ (బాగామ్) పేరుతో వేసిన ఈ తోటలో హాళ్లూ మ్యూజియంలూ లేకుంటే నగరం నడిబొడ్డున ఎంత పచ్చదనం మిగిలేదో అని వాళ్ల బాధ. బాధ న్యాయమైనదే కానీ నింద తప్పు చోట పడుతోంది. ఈ తోట వట్టి చెట్ల తోటగా ఉన్న కాలం తక్కువ. 1963లో నెహ్రూ జూ పార్క్ తెరిచేదాకా నగరపు జంతుప్రదర్శనశాల ఇక్కడే ఉండేది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ 40వ పుట్టినరోజు గుర్తుగా జనం చందాలతో తలపెట్టిన టౌన్‌హాల్‌కు 1905లో పునాది పడి, 1913కు పూర్తయింది. ఏటా జనవరి రాగానే ఊరంతా కదిలే నుమాయిష్ కూడా 1938లో ఈ తోటలోనే పుట్టింది. ఉస్మానియా పట్టభద్రుల సంఘం వాళ్లు రాష్ట్ర ఆర్థిక సర్వేకు డబ్బు కూడబెట్టాలని 50 స్టాళ్లతో మొదలుపెట్టారు. 1946లో అది ఇప్పటి ఎగ్జిబిషన్ మైదానానికి తరలిపోయింది. ఇవన్నీ జనాన్ని లోపలికి రప్పించినవే. కట్టడం ఉందా లేదా అన్నది కాదు, దాని గేటు ఎవరికి తెరుచుకుంటుందన్నదే అసలు ప్రశ్న.

దీనికి సాక్ష్యం ఋతువులే. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పచ్చిక మీద కాలు నిలవదు. నీడ ఉన్నా వడగాలి వదలదు. ఆ రోజుల్లో తోటకు ప్రాణం పోసేది 1966 నుంచి నడుస్తున్న జవహర్ బాలభవన్. వేసవి సెలవుల శిక్షణకు వచ్చే పిల్లలకు అక్కడ సంగీతం, నాట్యం, చిత్రలేఖనం నేర్పుతారు. ఎండ తట్టుకోలేని పెద్దలకు పక్కనే మ్యూజియం ఉంది. 1930లో మొదలైన ఈ మ్యూజియంలో జనం ముందుగా అడిగేది ఈజిప్టు మమ్మీని. గాలి, తేమ తగిలి పాడవకుండా 2016లో దాన్ని నైట్రోజన్ నింపిన గాజు పెట్టెలోకి మార్చారు. నా లెక్కలో మాత్రం అంతకంటే విలువైనవి అజంతా చిత్రాల నకళ్లు. అజంతా అప్పట్లో నిజాం రాజ్యంలోదే. ఈ నకళ్లు రాయించిన, 1914లో ఏర్పడిన ఆ రాజ్యపు పురావస్తు శాఖను గులాం యాజ్దానీ నడిపారు. నకళ్లే కదా అని కొట్టిపారేసేవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి: అంతకుముందు రాబర్ట్ గిల్ రాసిన నకళ్లలో చాలావరకు 1866లో, గ్రిఫిత్స్ బృందం రాసినవి అనేకం 1885లో లండన్ అగ్నిప్రమాదాల్లో కాలిపోయాయి. గుహల్లో రంగులు ఏటికేడు వెలిసిపోతుంటే, నకలు ఒక కాలానికి కనిపించిన దానికి సాక్ష్యం అవుతుంది.

వానాకాలం లెక్క వేరు. మ్యూజియం ఆవరణలో ఆరుబయట నిలిపిన రాతి శిల్పాలను చూడాల్సింది అప్పుడే. ఎండాకాలపు దుమ్ము కొట్టుకుపోయి నల్లరాయి నిగనిగలాడుతుంది. హారాల గొలుసులు, వేళ్ల మధ్య సందులు విడివిడిగా తేలతాయి. ఆ సందుల్లోనే పాచి కూడా పడుతుంది. వాటిని లోపల పెట్టాలనేవాళ్ల మాటలో నిజముంది, నాజూకు చెక్కడం ఉన్నవాటిని తప్పక పెట్టాలి. అయితే అన్నింటినీ గదుల్లోకి చేరిస్తే టికెట్ కొని హాళ్లన్నీ తిరిగే ఓపిక లేనివాళ్లకు అవి మళ్లీ కనబడవు. చలికాలం వచ్చేసరికి వంతు లలితకళాతోరణానిది. పైకప్పు లేని రంగస్థలం గనుక వానల్లో మూగబోయి, కార్తీకం దాటాక గొంతు విప్పుతుంది.

ఇక కంచెల సంగతి. జనం చందాలతో లేచిన టౌన్‌హాల్ తర్వాత శాసనసభ అయింది, 1985లో దాని పక్కన కొత్త సభాభవనం వచ్చింది. ఆ ప్రాంగణంలోకి ఇప్పుడు పాస్ లేనిదే ఎవరూ పోలేరు. చట్టసభకు భద్రత అక్కర్లేదా అంటారు. ఎందుకక్కర్లేదు, కావాలి. సభ నడిచే రోజుల్లో ట్రాఫిక్ మళ్లించడం, బారికేడ్లు పెట్టడం తప్పదు. అయితే ఏడాదిలో సభ కూర్చునే రోజులు కొన్నే. మిగతా రోజుల్లోనూ అదే మూత కొనసాగాలన్న దానికి భద్రత ఒక్కటే కారణంగా చెల్లదు. వాకింగ్‌కు వచ్చేవాళ్ల అభ్యంతరం ఇంకొకటి: జనం పెరిగితే చెత్త పెరుగుతుంది, గాలి పాడవుతుంది. నిజమే, సభలూ ఉత్సవాలూ జరిగిన మర్నాడు పచ్చిక ఏ స్థితిలో ఉంటుందో అందరికీ తెలిసిందే. దానికి మందు శుభ్రం చేసే సిబ్బంది, తొక్కిన చోట గడ్డి మళ్లీ కోలుకునేదాకా తాడు కట్టి ఆపే పద్ధతి. అంతేగాని గేట్లు బిగించడం కాదు. సమావేశాలు లేని నెలల్లో వారానికి ఒకరోజైనా పాత టౌన్‌హాల్ ముందరి తోటలోకి, గుర్తింపు కార్డు చూసి జనాన్ని రానిస్తే దానికయ్యే ఖర్చు నలుగురు కాపలాదారుల జీతం.