సైకిలు తొక్కేవాడెవడు? – డాక్యుమెంటరీ చూసిన చరిత్ర, చూడని చరిత్ర

రెండేళ్ల క్రితం హైదరాబాదులో ఒక పర్యావరణ చిత్రోత్సవానికి వెళ్లాను. ఆనాటి కార్యక్రమమంతా సైకిలు మీద తీసిన డాక్యుమెంటరీలు. హాలు బయట కార్లకు, మోటారు సైకిళ్లకు గీతలు గీసి చోటు కేటాయించారు. అక్కడి వాచ్‌మన్ సైకిలు మాత్రం ప్రహరీ వెనక వేపచెట్టుకు గొలుసుతో కట్టి ఉంది. హ్యాండిలుకు టిఫిను క్యారియరు వేలాడుతోంది. విరామంలో అతనితో మాట కలిపాను. రోజూ పన్నెండు కిలోమీటర్లు తొక్కుకుంటూ వస్తాడు, మళ్లీ పన్నెండు తొక్కుకుంటూ వెళ్తాడు. "లోపల ఏం సిన్మా సార్?" అని అడిగాడు. సైకిలు మీద తీసిన సినిమా అన్నాను. "సైకిల్ మీద సిన్మా ఏముంటది సార్?" అని నవ్వేశాడు.

ఆ ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోలేకపోయాను. లోపల తెర మీద కనిపించేది ఇతని వాహనమే. కాని అది తన కథ అన్న ఆలోచన అతనికి రాలేదు. కార్యక్రమం నడిపేవారికీ వచ్చినట్టు లేదు. ఇలా ఎందుకు జరిగిందో తెలియాలంటే సినిమాకూ సైకిలుకూ గల సంబంధాన్ని చారిత్రకంగా పరిశీలించాలి.

1

ఈ సంబంధం సినిమా పుట్టుకతోనే మొదలైంది. 1895 డిసెంబరు 28న పారిస్‌లో లూమియేర్ సోదరులు డబ్బు తీసుకుని ప్రజలకు ప్రదర్శించిన చిత్రాల్లో మొదటిది తమ ఫ్యాక్టరీ నుంచి కార్మికులు బయటికి వచ్చే దృశ్యం. నిడివి నిమిషం కూడా లేదు. లియోన్‌లోని ఫ్యాక్టరీ గేటు తెరుచుకుంటుంది. ఆడవాళ్లు, మగవాళ్లు గుంపులుగా వస్తారు. ఆ గుంపులోంచి కొందరు సైకిళ్ల మీద వస్తారు. కెమెరా యజమానిది. తెర మీద కదిలేది శ్రామికులు, వారి మధ్య సైకిలు. ఆ చిత్రాన్ని సినిమా చరిత్రకారులు ఎన్నో రకాలుగా వ్యాఖ్యానించారు. మనకు కావలసింది ఇంతే: సైకిలు తెర మీదికి వచ్చింది విలాస వస్తువుగా కాదు, పని ముగించుకున్న మనుషుల మధ్య.

నేటి సైకిలుకు మాతృక అనదగ్గ, రెండూ దాదాపు సమానమైన చక్రాల "రోవర్" 1885లో ఇంగ్లండులో తయారైంది. 1888లో డన్‌లప్ గాలి నింపే టైరుకు పేటెంటు పొందాడు. సైకిలు సుఖమైన వాహనమైంది, రబ్బరుకు గిరాకీ పెరిగింది. ఆ గిరాకీని తీర్చినవాళ్లలో కాంగో ప్రజలున్నారు. బెల్జియం రాజు రెండవ లియొపోల్డ్ సొంత ఆస్తిగా ఏలిన ఆ దేశంలో నిర్ణయించిన మేర రబ్బరు తేలేని గ్రామాల మీద జరిగిన హింస, నరికిన చేతులు చరిత్రకెక్కాయి. ఆలిస్ సీలీ హారిస్ అనే మిషనరీ స్త్రీ అక్కడ తీసిన ఛాయాచిత్రాలను 1904 తర్వాత మ్యాజిక్ లాంతరుతో ఇంగ్లండు ఊరూరా ప్రదర్శించారు. పెరిగిన ఒత్తిడికి తల వంచి 1908లో లియొపోల్డ్ కాంగోను వదులుకోవలసి వచ్చింది.

ఇది విషయాంతరం కాదు. జనాన్ని ఒకచోట కూర్చోబెట్టి, బొమ్మలు చూపి, అన్యాయం మీద కదిలించే పద్ధతికి, అంటే నేటి చిత్రోత్సవాలు తమదని చెప్పుకునే పద్ధతికి, పూర్వరూపం ఆ లాంతరు ప్రదర్శనల్లో ఉంది. పైగా సైకిలు పొగ వదలదు గనక దానికి చరిత్ర కూడా నిర్మలమే అనుకోవడం పొరపాటని కాంగో చెబుతుంది. ఏ వస్తువైనా దాన్ని తయారుచేసిన శ్రమను దాచుకునే మన ముందుకు వస్తుంది. పర్యావరణాన్ని గురించి మాట్లాడేవారు ఆ శ్రమను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

2

తర్వాత చాలాకాలం సినిమా సైకిలును రెండే విధాలుగా చూసింది. ఒకటి పందెం. టూర్ ద ఫ్రాన్స్ 1903లో ఒక పత్రిక తన అమ్మకాలు పెంచుకోవడానికి మొదలుపెట్టిన పందెం. దాని మీద లూయీ మాల్ 1962లో "వీవ్ ల టూర్" అనే చిన్న చిత్రం తీశాడు. మరో పందెం పారిస్–రూబే మీద డెన్మార్కు దర్శకుడు యోర్గెన్ లేత్ 1976లో "నరకంలో ఒక ఆదివారం" తీశాడు. రాళ్లు పరిచిన బాట, దుమ్ము, అలసట – పందెగాడి దేహం పడే కష్టాన్ని ఈ చిత్రాలు నిజాయితీగా చూపాయి.

రెండోది పేదరికం. అది డాక్యుమెంటరీ కాదుగాని, దాని ప్రస్తావన లేకుండా ఈ చరిత్ర నడవదు. 1948లో డి సీకా తీసిన "బైసికిల్ థీవ్స్"లో సైకిలు పోవడమంటే ఉద్యోగం పోవడం. 1952లో మన దేశంలో జరిగిన మొదటి అంతర్జాతీయ చిత్రోత్సవం బొంబాయి, మద్రాసు, ఢిల్లీ, కలకత్తాలలో ఆ చిత్రాన్ని చూపింది. మరుసటి ఏడాదే బిమల్ రాయ్ "దో బీఘా జమీన్" వచ్చింది. భూమి కోసం పట్నం వచ్చి రిక్షా లాగిన రైతు కథ అది. ఒక చిత్రోత్సవం ఒక దేశపు సినిమా చూపునే మార్చగలదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

3

సైకిలు "పర్యావరణం"గా, "సమష్టి జీవనం"గా తెర మీదికి వచ్చింది 1970ల్లో. దానికి భౌతిక కారణాలున్నాయి. యుద్ధానంతరం పశ్చిమ యూరపు నగరాలను కారు ఆక్రమించింది. 1971లో నెదర్లాండ్సులో రోడ్డు ప్రమాదాల్లో సుమారు 3,300 మంది చనిపోయారు. వారిలో 400 మందికి పైగా పిల్లలు. "పిల్లల హత్యలు ఆపండి" అన్న పేరుతోనే అక్కడ ఉద్యమం నడిచింది. 1973లో చమురు సంక్షోభం వచ్చి, ఆదివారాలు కార్లు ఆపవలసి వచ్చేసరికి ఖాళీ రోడ్లంటే ఎలా ఉంటాయో జనానికి తెలిసింది.

ఆ సంక్షోభానికి ముందే, 1972లో, డచ్చి టెలివిజన్ ఒక డాక్యుమెంటరీ ప్రసారం చేసింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో డె పైప్ అనేది ఇరుకు సందుల పాత కార్మికపేట. ఆడుకోవడానికి చోటులేని అక్కడి పిల్లలే కథానాయకులు. తమ వీధిలో కార్లు ఆపాలని వాళ్లే సంతకాలు సేకరిస్తారు, వీధి మూస్తారు, అడ్డు చెప్పే పెద్దలతో వాదిస్తారు. కెమెరా వాళ్ల ఎత్తుకు దిగి వాళ్ల మాట వింటుంది. ఉపాధ్యాయుడిగా నాకు ఈ వర్గంలోని చిత్రాలన్నిటిలోకీ ఇదే ఇష్టం. పర్యావరణం అనే పెద్దమాట ఇందులో వీధి అనే చిన్నమాటగా మారింది. తర్వాతి కాలంలో ఆ పేటలో కార్ల రాకపోకలు తగ్గాయి. అయితే ఆ పేటే క్రమంగా ఖరీదైన పేట అయింది, అద్దెలు పెరిగాయి. వీధి బాగుపడ్డాక అందులో ఎవరు ఉండగలరన్నది వేరే ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబు ట్రాఫిక్ పథకాల్లో దొరకదు, ఆస్తి సంబంధాల్లో దొరుకుతుంది.

1992లో అమెరికాలో టెడ్ వైట్ "రిటర్న్ ఆఫ్ ది స్కార్చర్" తీశాడు. అందులో న్యూయార్కుకు చెందిన జార్జి బ్లిస్ చైనాలో తాను చూసిన ఒక దృశ్యం చెబుతాడు. సిగ్నళ్లు లేని కూడలిలో సైకిళ్లవాళ్లు ఒక్కొక్కరుగా దాటలేరు. ఆగుతారు. గుంపు పెరుగుతుంది. తగినంత మంది చేరగానే అందరూ ఒక్కసారిగా కదులుతారు, కార్లు ఆగుతాయి. ఆ గుంపుకు అతను వాడిన మాట "క్రిటికల్ మాస్". అదే ఏడాది సెప్టెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో సైకిలు తొక్కేవాళ్లు నెలకోసారి కలిసి ఊరేగడం మొదలుపెట్టారు. మొదట వేరే పేరు పెట్టుకున్నారు. ఈ చిత్రం చూశాక "క్రిటికల్ మాస్" అని మార్చుకున్నారు. తర్వాత అది ప్రపంచంలోని ఎన్నో నగరాలకు పాకింది. ఒక డాక్యుమెంటరీ ఒక ఉద్యమానికి పేరు పెట్టింది.

ఇక్కడొక వైరుధ్యాన్ని గమనించాలి. ఆ పేరుకు మూలం చైనా శ్రామికుల నిత్యానుభవం. ఎవరూ పిలుపివ్వకుండా, పనికి పోయే దారిలో వాళ్లు కనిపెట్టుకున్న ఐకమత్యం అది. అదే చైనాలో, 2003 చివర, షాంఘై నగరం ప్రధాన రహదారుల మీద సైకిళ్లను నిషేధిస్తామని ప్రకటించింది. పాఠం నేర్చుకున్నవాడు ఉద్యమం నడుపుతుంటే, పాఠం చెప్పినవాణ్ణి రోడ్డు మీంచి దించేస్తున్నారు. పెట్టుబడి అభివృద్ధి తీరు ఇదే.

2001లో న్యూయార్కులో బ్రెంట్ బార్బర్ "బైసికిల్ ఫిల్మ్ ఫెస్టివల్" స్థాపించాడు. సైకిలు మీద వెళ్తున్న తనను బస్సు ఢీకొన్న అనుభవమే దానికి ప్రేరణ. దెబ్బతిన్నవాడు ఫిర్యాదుతో ఆగక పండుగ చేయడంలో గొప్ప ఆరోగ్యం ఉంది. ఆ ఉత్సవం అనేక దేశాలకు వెళ్లింది. 2015లో స్వీడన్‌కు చెందిన ఫ్రెడ్రిక్ గెర్టన్ "బైక్స్ వర్సెస్ కార్స్" తీశాడు. సావోపాలో, లాస్ ఏంజెలెస్, టొరాంటో, కోపెన్‌హాగెన్ – ఈ నగరాలను పక్కపక్కన పెట్టి, కారు వెనక ఉన్న వ్యాపార శక్తులను వేలెత్తి చూపాడు. నగరం తనంత తాను కార్లమయం కాలేదు, చేయబడింది అన్న చారిత్రక సత్యాన్ని ఆ చిత్రం సామాన్య ప్రేక్షకుడికి అందించింది. ఈ కృషిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు.

4

మరి లోపం ఎక్కడుంది? ఈ చిత్రాల్లో ఎక్కువభాగం కథానాయకుడు కారు కొనగలిగి ఉండీ సైకిలును ఎంచుకున్నవాడు. అతని ఎంపిక మెచ్చుకోదగ్గదే. కాని మన దేశానికి వచ్చేసరికి లెక్క తలకిందులవుతుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం నూటికి 45 కుటుంబాలకు సైకిలుంది. కారో, జీపో, వ్యానో ఉన్న కుటుంబాలు నూటికి 5 కూడా లేవు. ఇక్కడ సైకిలు తొక్కే కోట్లాదిమందికి అది ఎంపిక కాదు, గత్యంతరం లేక పట్టిన బండి. 2013లో కలకత్తాలో 174 రోడ్ల మీద సైకిళ్లను నిషేధించినప్పుడు దెబ్బ తగిలింది పాలవాళ్లకు, పేపరువాళ్లకు, చిన్న కూలీలకు. 2023 అక్టోబరులో హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు వెంట 23 కిలోమీటర్ల సైకిలు బాట ప్రారంభించారు. దాని మీద సౌర ఫలకాల కప్పు కూడా ఉంది. మంచిదే. అయితే మా వాచ్‌మన్ రోజూ వచ్చే దారిలో అటువంటి బాట ఒక్క మీటరు కూడా లేదు.

గత్యంతరం లేనివాడి సైకిలు విముక్తి సాధనం కాలేదా? అయింది. తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాలో 1990ల తొలినాళ్లలో అక్షరాస్యతా ఉద్యమం స్త్రీలకు చదువుతోపాటు సైకిలు నేర్పింది. వ్యవసాయ కూలీలు, క్వారీల్లో రాళ్లు కొట్టే స్త్రీలు సహా లక్షమందికి పైగా నేర్చుకున్నారు. సైకిలు వస్తే బస్సు కోసం, మగవాడి కోసం ఎదురుచూడక్కర్లేదు. ఆ ఉద్యమాన్ని పాలగుమ్మి సాయినాథ్ రాసిన కథనాలు లోకానికి చెప్పాయి. అక్కడ సమష్టి అనేది నెలకోసారి కలిసే క్లబ్బు కాదు. పర్యావరణమంటే ఇల్లూ, నీటి బిందె, పని చేసే క్వారీ.

తర్వాత 2020 వచ్చింది. లాక్‌డౌన్‌లో రైళ్లు, బస్సులు ఆగిపోతే వలస కార్మికులు సైకిళ్ల మీద ఊళ్లకు బయలుదేరారు. వినోద్ కాప్రీ ఏడుగురు కార్మికుల వెంట కారులో కెమెరాతో వెళ్లి, ఘాజియాబాదు నుంచి బీహారులోని సహర్సా దాకా సాగిన ప్రయాణాన్ని చిత్రించాడు. 2021లో వచ్చిన ఆ చిత్రం పేరే దూరం: "1232 కిలోమీటర్లు". మహారాష్ట్ర నుంచి ఒడిశాకు తొక్కుకుంటూ వెళ్లిన ఒక యువకుడి ప్రయాణం మీద సుహేల్ బెనర్జీ తీసిన "సైకిల్‌మహేశ్" 2024లో ఆమ్‌స్టర్‌డామ్ డాక్యుమెంటరీ చిత్రోత్సవంలో ఉత్తమ తొలిచిత్రంగా బహుమతి పొందింది.

1895లో గేటులోంచి సైకిలు మీద వచ్చిన కార్మికుడు 125 ఏళ్ల తర్వాత మళ్లీ తెర మీదికి వచ్చాడు. అప్పుడు సాయంత్రానికి ఇల్లు చేరేవాడు, ఇప్పుడు వారం రోజులు తొక్కితేగాని చేరడు. అయినా నేను గమనించినంతలో ఈ చిత్రాలను "వలస", "విషాదం" అన్న గుంపులో వేస్తున్నారు. కోపెన్‌హాగెన్ సైకిలేమో "పర్యావరణం" గుంపులోకి వెళ్తుంది. ఈ విభజన చిత్రాల్లో లేదు, చూసేవాళ్ల వర్గదృష్టిలో ఉంది. భూమికి తక్కువ భారం వేసి బతికేవాణ్ణి పర్యావరణ పరిరక్షకుడిగా గుర్తించకుండా బాధితుడిగా మాత్రమే చూసినంతకాలం అతనికి జాలి దొరుకుతుంది, రోడ్డులో వాటా దొరకదు.

ఈ తప్పు చిత్రోత్సవాలవారిది మాత్రమేనా? మన కథల్లో పోస్టుమాను, పాలవాడు, బడిపంతులు, పార్టీ కార్యకర్త అందరూ సైకిళ్ల మీదే వస్తారు. నేను చదివినంతలో ఆ సైకిలు సాధారణంగా పాత్ర పేదరికానికి గుర్తుగానే నిలిచిపోతుంది. అతను ఏ దారిన వచ్చాడు, ఆ దారి ఎవరి చేతిలో ఉంది, లారీ పక్కనుంచి వెళ్లినప్పుడు అతని ఒళ్లు ఎలా ముడుచుకుంది – వీటిని వస్తువుగా స్వీకరించిన రచనలు అరుదు. సాహిత్య విద్యార్థులు డాక్యుమెంటరీలు చూడాలని నేను కోరేది ఇందుకే. డె పైప్ చిత్రం పిల్లల ఎత్తుకు దిగినట్టు మన వచనం సైకిలు సీటు ఎత్తుకు దిగాలి.

ఈ ఏడాది మా పాఠశాలలో తొమ్మిదో తరగతి పిల్లలకు లూమియేర్ చిత్రం చూపాను. తర్వాత ఇంటి నుంచి బడిదాకా తమ దారిని రాసుకు రమ్మన్నాను. సైకిలు మీద వచ్చే ఒక అమ్మాయి ఒకటిన్నర పేజీ రాసింది. అందులో ఎక్కడ రోడ్డు తెగింది, ఎక్కడ ఇసుక ట్రాక్టర్లు వస్తాయి, ఏ మలుపులో దిగి నడిపించుకుంటూ రావాలి – అన్నీ ఉన్నాయి. మళ్లీ హైదరాబాదు వెళ్లినప్పుడు ఆ వాచ్‌మన్ కనిపిస్తే, సైకిలు మీద సినిమా ఏముంటుందో చెప్పడానికి ఆ ఒకటిన్నర పేజీ చదివి వినిపిస్తాను.