స్టాన్ స్వామి అడిగిన ప్రశ్న



ఫాదర్ స్టాన్ స్వామి 1937లో తమిళనాడులో పుట్టారు. దశాబ్దాల పాటు జార్ఖండ్ ఆదివాసుల మధ్య గడిపారు. ఈ జెస్యూట్ గురువుకి విశ్వాసమంటే ప్రార్థనొక్కటే కాదు, భూమి పోతున్నోళ్ల పక్కన నిలబడడం కూడా. మన విశాఖ ఏజెన్సీ భూముల కేసులో 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమతా తీర్పు అక్కడెందుకు అమలు కాదని అడిగారు. నక్సలైట్లని ముద్రేసి జైల్లో పెట్టిన ఆదివాసీ యువకులకు విచారణ ఎప్పుడని హైకోర్టుకెళ్లారు.

2020 అక్టోబరులో భీమా కోరేగావ్ కేసులో ఆయన్నే అరెస్టు చేశారు. ఆరోపణల్ని ఆయన ఒప్పుకోలేదు. పార్కిన్సన్స్‌తో చేతులు వణికే 83 ఏళ్ల పెద్దాయన, నీళ్లు తాగే సిప్పర్ కోసం కోర్టుకెక్కాల్సి వచ్చింది. 2021 జులై 5న, విచారణే మొదలవకుండా, ముంబై ఆసుపత్రిలో కన్నుమూశారు.

మన గూడేల్లో ఏళ్ల తరబడి విచారణ ఖైదీలుగా ఉన్నోళ్లెవరు? పేర్లు రాసుకుందాం. ఆయన అడిగిన ప్రశ్నే మనమూ అడుగుదాం.