ఆసుపత్రి నుంచి ఆసుపత్రికి: రోగిని మార్చే ముందు చూసుకోవలసినవి

బరంపురం తెలుగు కుటుంబాల్లో ఎవరికైనా పెద్ద జబ్బు చేస్తే, ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ ఆసుపత్రి తర్వాత మనవాళ్లు అనుకునేది విశాఖపట్నమే. రోడ్డు మీద 250 కి.మీ.కి పైగా దూరం, సుమారు 5 గంటల ప్రయాణం. అంత దూరం వెళ్లాక బెడ్ ఖాళీ లేదంటే రోగి ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ముందు ఫోను, తర్వాతే బండి.

డాక్టర్ల మాట: ఇక్కడి డాక్టరుగారు అక్కడి డాక్టరుగారితో నేరుగా మాట్లాడాలి. బెడ్, ఐసీయూ, వెంటిలేటరు సంగతి తేల్చుకుని, చేర్చుకుంటామన్న డాక్టరు పేరు, విభాగం, మాట్లాడిన సమయం రిఫరల్ చీటీ మీద రాయించుకోండి.

కదపవచ్చా: ఇది డాక్టరుగారే చెప్పాలి. పక్షవాతంలో గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు గడువు సాధారణంగా 4.5 గంటలే. అది ఇక్కడ ఇవ్వగలరేమో అడగకుండా బయలుదేరితే ఆ గడువు దారిలోనే దాటిపోతుంది.

కాగితాలు: రిఫరల్ చీటీ, ఇచ్చిన మందులు, వాటి సమయాలు, రక్త పరీక్షలు, ఈసీజీ, స్కాన్ ఫిల్ములు, సీడీ, ఆధార్. ప్రమాదం కేసైతే పోలీసు సమాచారం నకలు కూడా. అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనలు చెబుతున్నాయి. అంతవరకు ఆగలేం కనుక కేస్ షీటు నకలు అడగండి, ఫోనులో ఫోటోలు తీసుకోండి.

అంబులెన్సు: 108 సేవ ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రానిదే. ఇచ్ఛాపురం దాటి వస్తుందో లేదో ముందే అడగాలి. ప్రైవేటు బండి అయితే అద్దె, టోలు, ఆక్సిజన్, వెంట వచ్చే నర్సు ఖర్చు ముందే మాట్లాడుకోండి.

ఆక్సిజన్ లెక్క: బి టైపు సిలిండరులో సుమారు 1,500 లీటర్లు ఉంటుంది. నిమిషానికి 10 లీటర్లు వాడితే రెండున్నర గంటలే. విశాఖ దాకా అలాంటివి రెండు చాలవు, మూడోది తప్పక ఉండాలి. డి టైపులో సుమారు 7,000 లీటర్లు పడుతుంది.

కార్డు: ఆయుష్మాన్ కార్డు పొరుగు రాష్ట్రంలోనూ పనిచేస్తుంది, అయితే పథకంలో చేరిన ఆసుపత్రుల్లోనే. మీరు వెళ్లే ఆసుపత్రి, ఆ విభాగం పథకంలో ఉన్నాయో లేదో 14555కు ఫోను చేసి తెలుసుకోండి.

అత్యవసర రోగికి ముందు వైద్యం, తర్వాతే లాంఛనాలు అని 1989లో సుప్రీంకోర్టు చెప్పింది. గేటు దగ్గర అడ్డుపడితే ఆ మాట మర్యాదగా గుర్తుచేయండి.

ఇంట్లో ఒకరు రోగి వెంట వెళ్లాలి, మరొకరు ఇక్కడే ఉండి ఫోన్లు చూసుకోవాలి. ఇద్దరి దగ్గరా పై కాగితాల నకళ్లు ఉండాలి.