హైస్కూలు అమెరికన్ ఫుట్‌బాల్‌లో ప్లే కాల్

అమెరికా సంయుక్త రాష్ట్రాల ఉన్నత పాఠశాలలలో ఆడే అమెరికన్ ఫుట్‌బాల్‌లో, బంతి తమ అధీనంలో ఉన్న జట్టు తరువాతి ఎత్తుగడను తన 11 మంది ఆటగాళ్ళకూ తెలియజేసే సంక్షిప్త సంకేతాన్ని ప్లే కాల్ అంటారు. మన దేశంలో ఫుట్‌బాల్ అని పిలిచే ఆట వేరు, ఇది వేరు. ఇందులో ఆట ఎడతెగకుండా సాగదు. నాలుగు ప్రయత్నాలలో బంతిని 10 గజాలు ముందుకు తీసుకుపోవాలి. ప్రతి ప్రయత్నం తరువాతా ఆట ఆగుతుంది. ఆ విరామంలోనే శిక్షకుడు ఎత్తుగడను ఎంచుకోవాలి, దాన్ని మైదానంలోకి చేరవేయాలి, ఆటగాళ్ళు తమ తమ స్థానాలలో నిలవాలి. జాతీయ హైస్కూలు సమాఖ్య 2019లో చేసిన నియమం ప్రకారం ఇందుకు సాధారణంగా 40 సెకన్లు ఉంటాయి. గడువు దాటితే 5 గజాలు వెనక్కు పోవలసి వస్తుంది.

ఒక్క ఆటగాడు పిలుపును వేరుగా అర్థం చేసుకున్నా ఎత్తుగడ చెడిపోతుంది. నష్టం గజాలతోనే పోదు. అడ్డుకోవలసినవాడు పక్కకు తొలగిపోతే, ప్రత్యర్థి పరుగెత్తుకు వచ్చి ఏమరుపాటున ఉన్న విద్యార్థిని ఢీకొంటాడు. అందువల్ల ఎత్తుగడకు పేరు పెట్టడం శిక్షకుని ప్రధాన విధులలో ఒకటి.

== సంఖ్యల పద్ధతి ==

పాఠశాలలలో విస్తృతంగా కనిపించేది రెండంకెల పద్ధతి. వెనుక వరుసలోని ఆటగాళ్ళకు ఒక్కొక్క అంకె ఇస్తారు. ముందు వరుసలో భుజం భుజం కలిపి నిలిచేవారి నడుమ ఉండే సందులకు మరొక వరుస అంకెలు ఇస్తారు. సాధారణంగా కుడివైపు సందులకు సరిసంఖ్యలు, ఎడమవైపు సందులకు బేసిసంఖ్యలు ఉంటాయి. కొన్ని జట్లు దీన్ని తారుమారు చేస్తాయి.

ఉదాహరణకు "ఐ రైట్, 32 డైవ్, ఆన్ టూ" అనే పిలుపును తీసుకోవచ్చును. "ఐ" అంటే వెనుకనున్నవారు ఆంగ్ల అక్షరం ఐ వలె ఒకరి వెనుక ఒకరు నిలిచే మోహరింపు. "రైట్" అంటే బలమైన పక్షం కుడివైపు. 32 అంటే ముప్పై రెండవ ఎత్తుగడ అని కాదు. 3వ అంకె గల ఆటగాడు బంతితో 2వ సందులోకి దూసుకుపోవాలని అర్థం. "ఆన్ టూ" అంటే క్వార్టర్‌బ్యాక్ రెండవసారి కేక వేయగానే బంతి కదులుతుంది. అంతకు ముందే ఎవరైనా ఉలిక్కిపడి కదిలితే 5 గజాల శిక్ష పడుతుంది.

అంకెలు బంతి పట్టినవాడికి దారి చూపిస్తాయి. ముందు వరుసవారి పని మాత్రం చివరి మాటలో ఉంటుంది. "డైవ్" అంటే ఎదుటివానిని నేరుగా నెట్టడం. అదే స్థానంలో "ట్రాప్" అంటే ఒక ప్రత్యర్థిని కావాలని లోపలికి రానిచ్చి, మరొక వైపు నుండి వచ్చిన గార్డు అతన్ని పక్కనుండి తోసివేయడం. 32 మారలేదు, నలుగురైదుగురి పని మారిపోయింది.

డేవిడ్ నెల్సన్ 1950 ప్రాంతంలో మెయిన్ విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టి, తరువాత డెలావేర్‌లో వృద్ధి చేసిన వింగ్-టీ విధానం ఈ క్రమాన్ని మూడంకెలకు పెంచింది. మొదటి అంకె మోహరింపు, రెండవది వెనుక వరుస కదలిక, మూడవది బంతి వెళ్ళే చోటు. సందులను కుడి చివర నుండి ఎడమ చివరకు 1 నుండి 9 వరకు లెక్కిస్తారు. కుడివైపు సాగే 121కి ఎడమవైపు ప్రతిబింబం 929. ఒకే రెండవ అంకె గల ఎత్తుగడలన్నీ ఒకే తీరున మొదలవుతాయి కనుక ప్రత్యర్థికి అసలు ఉద్దేశం తెలియదు, విద్యార్థికి మాత్రం నేర్వవలసింది తగ్గుతుంది. పాఠశాలలలో ఈ విధానం ఇంతకాలం నిలవడానికి ఆ పేర్లు కూడా ఒక కారణమని చెప్పవచ్చును.

తెలుగు ఛందస్సు చదివినవారికి ఇందులోని సుళువు వెంటనే తెలుస్తుంది. "యమాతారాజభానసలగం" అనే సూత్రంలో య అక్షరం నుండి వరుసగా మూడు అక్షరాలు చదివితే యగణం రూపం దానంతట అదే వస్తుంది. పేరు తెలిస్తే లక్షణం తెలిసినట్లే.

== మాటల పద్ధతి ==

బంతిని విసిరే ఎత్తుగడలలో అంకెలకు ఇబ్బంది ఎదురవుతుంది. బంతి అందుకునేవారు పరుగెత్తే దారులకు 0 నుండి 9 వరకు అంకెలిచ్చే పద్ధతి డాన్ కోర్యెల్ పేరుతో ప్రసిద్ధి పొందింది. చాలా జట్లలో 9 అంటే నేరుగా ముందుకు పరుగు, 8 అంటే లోతుకు వెళ్ళి మధ్యకు తిరగడం. ముగ్గురికి మూడంకెలు చాలును. ఐదుగురు పరుగెత్తితే పిలుపు దూరవాణి సంఖ్య వలె పొడవవుతుంది. అందులో తన అంకె ఎన్నవదో వెదుక్కోవడం పదిహేనేళ్ళ బాలునికి సులభం కాదు.

దీనికి విరుగుడు మొత్తం అల్లికకు ఒకే పేరు పెట్టడం. "మెష్" అనగానే ఇద్దరు ఎదురెదురు వైపుల నుండి ఒకరినొకరు దాదాపు రాసుకుంటూ దాటుతారు. మిగిలినవారికి కూడా తమ దారులు ఆ మాటలోనే తెలుస్తాయి. 1986 నుండి 1988 వరకు టెక్సాస్‌లోని కాపరాస్ కోవ్ హైస్కూలుకు శిక్షకుడుగా ఉన్న హాల్ మమ్మీ, తరువాత మైక్ లీచ్‌తో కలిసి ఎయిర్ రైడ్ అనే విధానాన్ని రూపొందించాడు. కొద్దిపాటి ఎత్తుగడలను పదేపదే సాధన చేయించడం దీని ప్రత్యేకత. అయితే మాట తనంతట తాను ఏమీ వివరించదు, కంఠస్థం చేయవలసిందే. కాబట్టి జ్ఞాపకానికి ఊతంగా కుడివైపుకు ఆర్ అక్షరంతోను, ఎడమవైపుకు ఎల్ అక్షరంతోను మొదలయ్యే మాటలు ఎంచుకుంటారు: రిప్, లిజ్, రామ్, లయన్. వృత్తి జట్ల దీర్ఘమైన పిలుపులను ఉన్నదున్నట్లు పాఠశాలకు తెచ్చుకోవడం తరచు కనిపించే పొరపాటు. అక్కడివారికి అదే జీవనోపాధి. ఇక్కడివారికి మరుసటి రోజు లెక్కల పరీక్ష ఉండవచ్చును. పైగా ఏటా పెద్ద తరగతివారు చదువు ముగించి వెళ్ళిపోతారు. అందుకే చాలాచోట్ల చిన్న తరగతుల జట్లకు కూడా అవే పేర్లు నేర్పుతారు.

== చేరవేత ==

ఆటగాళ్ళు గుండ్రంగా గుమికూడి పిలుపు వినడాన్ని హడిల్ అంటారు. 1890లలో వాషింగ్టన్‌లోని గాలొడెట్ బధిర కళాశాల క్వార్టర్‌బ్యాక్ పాల్ హబ్బార్డ్ దీనికి ఆద్యుడని ప్రతీతి. ప్రత్యర్థులు కూడా బధిరులైనప్పుడు తన చేతి సైగలను వారు చదవకుండా జట్టును చుట్టూ నిలిపాడని చెబుతారు.

ఒహాయోలోని మాసిలన్ హైస్కూలులో 1932 నుండి 1940 వరకు శిక్షకుడుగా పనిచేసిన పాల్ బ్రౌన్, అనంతరం క్లీవ్‌లాండ్ వృత్తి జట్టులో గార్డులను మార్చి మార్చి పంపుతూ వారి నోటనే పిలుపు చేరవేసేవాడు. 1956లో క్వార్టర్‌బ్యాక్ శిరస్త్రాణంలో రేడియో అమర్చి చూశాడు గాని, ఆ ఏడే దాన్ని నిషేధించారు. వృత్తి క్రీడలో రేడియోకు 1994లో అనుమతి లభించింది. అగ్రశ్రేణి కళాశాలలకు 2024 వరకు రాలేదు.

పాఠశాలలలో దూతను పంపడం, చేతి సైగలు, మణికట్టు పట్టీలు ప్రధాన సాధనాలుగా ఉంటూ వచ్చాయి. పట్టీలోని చీటీపై ఎత్తుగడలు గళ్ళలో రాసి ఉంటాయి. శిక్షకుడు గడి సంఖ్యను మాత్రమే అరుస్తాడు. ఇది కచ్చితమైనదే, కాని ఆటగాని కళ్ళు ప్రత్యర్థిని వదలి చీటీవైపు మళ్ళుతాయి. హడిల్ లేకుండా వేగంగా ఆడే జట్లలో పక్కన నిలిచిన ఇద్దరు ముగ్గురు ఒకేసారి సైగలు చేస్తారు. వారిలో ఒకరివే నిజమైనవి.

వరుసలో నిలిచాక ప్రత్యర్థి మోహరింపు చూసి క్వార్టర్‌బ్యాక్ పిలుపును మార్చడం కూడా ఉంది. ముందుగా ఒక రంగును నిశ్చయించుకుంటారు. ఆ రోజు రంగు ఎరుపు అయితే "రెడ్ 34" అన్నప్పుడు ఎత్తుగడ మారుతుంది. "బ్లూ 34" అంటే ఉత్త అరుపు. ప్రత్యర్థులు పసిగట్టారని అనుమానం కలిగితే విరామ సమయంలో రంగును మార్చుకుంటారు.