బల్లార్షా అంటే జంక్షన్ ఒక్కటే కాదు

కాగజ్‌నగర్ నుంచి మనం ఎన్నిసార్లు రైల్లో పోలేదు! బల్లార్షా వస్తే చాయ్ తాగుతాం, బాటిల్‌లో నీళ్లు నింపుకుంటాం, అంతే. ఈసారి మేం ఆలుమగలం ఇద్దరం అక్కడే దిగి కోట చూసొచ్చాం.

వార్ధా నది ఒడ్డున ఉంది ఆ కోట. రాతి గోడలు, బురుజులు, దర్వాజాలు ఇంకా నిలబడే ఉన్నాయి. లోపలి రాజమహల్ మాత్రం కూలిపోయింది. దీన్ని కట్టించింది మన గోండు రాజు ఖాండ్క్యా బల్లాల్ షా. ఆయన పేరు మీదే ఊరు బల్లార్‌పూర్, స్టేషన్ బల్లార్షా. తర్వాత రాజధాని చాందాకు, అంటే ఇప్పటి చంద్రపూర్‌కు మారింది. 1751లో నాగపూర్ భోంస్లేలు ఆ రాజ్యాన్ని తమలో కలిపేసుకున్నారు. ఆంగ్లేయుల మీద తిరగబడ్డ బాబూరావ్ షెడ్మాకేను 1858లో ఉరి తీసింది కూడా చాందాలోనే.

నది వైపున్న చిన్న దర్వాజా దగ్గర కూర్చొని సద్ది తింటుంటే ఇద్దరికీ ఒకటే అనిపించింది. డిగ్రీ దాకా చదివాం, ఈ రాజు పేరు ఏ పరీక్షలోనూ రాయలేదు. స్టేషన్ మైకు మాత్రం ఆ పేరును రోజూ పిలుస్తూనే ఉంది. ఈసారి అది వినబడితే, పక్కన కూర్చున్న తమ్ముడికో చెల్లెకో అది ఎవరి పేరో చెప్పండి.